తప్పును తిప్పి పంపే తీరు

1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. శాఖల ముందు బోర్డులు మారాయి, పాస్ పుస్తకాలు మారాయి, ఆ తర్వాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లూ మారాయి. ఏఎన్‌డీబీ అనే నాలుగు అక్షరాలతో మొదలయ్యే పాత కోడ్ స్థానంలో యూబీఐఎన్‌తో మొదలయ్యే కొత్త కోడ్ వచ్చింది. అంతకు మూడేళ్ల ముందు, 2017 ఏప్రిల్ 1న, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసినప్పుడూ ఇదే జరిగింది.

ఒక కంపెనీ జీతాల ఫైలులో ఎవరో ఉద్యోగి పేరు ఎదురుగా ఆ పాత కోడే ఉండిపోయిందనుకుందాం. ఐఎఫ్‌ఎస్‌సీకి ఒక కట్టుబాటు ఉంది: మొత్తం 11 స్థానాలు, మొదటి నాలుగూ బ్యాంకును చెప్పే ఇంగ్లిష్ అక్షరాలు, ఐదోది సున్నా, చివరి ఆరూ శాఖను చెప్పేవి. ఫైలును సరిచూసే సాఫ్ట్‌వేర్ ఈ కట్టుబాటు ఒక్కటే చూస్తే పాత కోడ్ ఏ అడ్డూ లేకుండా దాటిపోతుంది. సున్నా బదులు 'ఓ' అక్షరం పడలేదు, స్థానాలు సరిగ్గా పదకొండే ఉన్నాయి. ఆ పేరుతో ఇప్పుడు బ్యాంకే లేదన్న సంగతి ఆ తనిఖీకి అందదు. నెలాఖరున జీతం ఖాతాలో పడనప్పుడు ఎవరో ఒకరు ఫోను చేస్తే బయటపడుతుంది.

కంప్యూటర్లు ఒకదానికొకటి పంపుకునే సందేశాలను సరిచూడటం ఒక్క పని కాదు, రెండు మూడు పనులు. ఏ పనికి ఏ పనిముట్టు వాడాలన్నది ఇంజినీర్లు తమలో తాము తేల్చుకునే విషయంగా మనం వదిలేస్తుంటాం. కానీ జీతం, పింఛను, గ్యాస్ సబ్సిడీ, పిల్లల ఫీజు, అమెరికా నుంచి కొడుకు పంపే డాలర్లు అన్నీ ఆ సందేశాల రూపంలోనే ప్రయాణిస్తాయి. కాబట్టి ఆ ఎంపిక ఎలా జరుగుతుందో, ఎలా జరగాలో తెలుసుకోవడం మామూలు పాఠకుడికీ అవసరమే.

ఈ సందేశాల్లో చాలా వాటికి ఎక్స్‌ఎంఎల్ అనే రూపం ఉంటుంది. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం దీన్ని 1998 ఫిబ్రవరి 10న ప్రమాణంగా ప్రకటించింది. ప్రతి సమాచారానికీ ముందొక పేరు, వెనకొక పేరు తగిలించి పంపడం దీని పద్ధతి. ఆ పేర్లను ట్యాగులంటారు. తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది:

<చెల్లింపు>
<పేరు>లక్ష్మి</పేరు>
<మొత్తం కరెన్సీ="రూపాయి">500.00</మొత్తం>
</చెల్లింపు>

ఇది ఉదాహరణ కోసం వేసిన బొమ్మ కాదు. ఇలాగే కంప్యూటర్‌కు ఇస్తే నిజంగానే చదువుకుంటుంది, ఎందుకంటే ట్యాగుల పేర్లు ఏ లిపిలోనైనా ఉండవచ్చని ఆ ప్రమాణం మొదటి నుంచీ ఒప్పుకుంది. ఒక్క చిక్కు మాత్రం మనలాంటి కొన్ని భాషలకు ఉంది. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటలో ట, వ ఒకదాని కింద ఒకటి చేరిపోకుండా ఆపడానికి మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు టైపు చేస్తాం. 2008లో వచ్చిన ఐదో కూర్పు దాకా ట్యాగు పేరులో ఆ గుర్తుకు చోటు లేదు. పాత నిబంధనల మీదే నడిచే పనిముట్లు ఆ మాటను ట్యాగుగా ఇప్పటికీ ఒప్పుకోవు.

మనకు రోజూ ఎదురయ్యే ఎక్స్‌ఎంఎల్ యూపీఐలో ఉంది. కిరాణా కొట్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే కొట్టు యజమాని పేరు తెర మీదకు వస్తుంది కదా. ఆ పేరు రావడానికి ముందు రెక్‌వాల్‌యాడ్ అనే సందేశం వెళ్లి 'ఈ చిరునామా నిజంగా ఉందా, ఎవరిది?' అని అడిగి వస్తుంది. తర్వాత డబ్బు కోసం వెళ్లేది రెక్‌పే, దానికి జవాబు రెస్ప్‌పే. ఇవన్నీ డిజిటల్ సంతకంతో వెళ్లే ఎక్స్‌ఎంఎల్ సందేశాలే. రిజర్వు బ్యాంకు 2013 అక్టోబరులో మొదలుపెట్టిన కొత్త ఆర్‌టీజీఎస్ కూడా ఐఎస్ఓ 20022 అనే అంతర్జాతీయ ఎక్స్‌ఎంఎల్ ప్రమాణం మీద నడుస్తోంది. ఈ కథలో హైదరాబాద్‌కు పెద్ద భాగమే ఉంది. రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ మాసబ్ ట్యాంక్‌లోనే ఉంది. దేశంలోని బ్యాంకులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఎస్‌ఎఫ్‌ఎంఎస్ అనే సందేశ వ్యవస్థ 2001లో ఆ సంస్థ ఆధ్వర్యంలోనే మొదలైంది. ఆ వ్యవస్థలో ఒక్కో శాఖకు ఇచ్చిన చిరునామాయే, ఈనాడు చెక్కు మీద మనం వెతుక్కునే ఐఎఫ్‌ఎస్‌సీ.

ఇక పనిముట్ల సంగతి. సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చినవారు ఎప్పుడూ సరైన సందేశాన్నే పంపి చూపిస్తారు. ఇటు నుంచి వెళ్తుంది, అటు పచ్చ టిక్కు పడుతుంది, అందరూ సంతోషిస్తారు. ఆ ప్రదర్శన చూసి ఎంచుకోవడమే పెద్ద పొరపాటు. సరైన సందేశాన్ని ఏ పనిముట్టయినా తీసుకుంటుంది. తప్పు సందేశం వచ్చినప్పుడు ఏ మాట చెప్పి తిప్పి పంపుతుంది, ఎంత త్వరగా, ఎవరికి అర్థమయ్యేలా చెబుతుంది అన్నదానిలోనే మంచి పనిముట్టుకూ మామూలు పనిముట్టుకూ తేడా ఉంది.

రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లినవారికి ఈ అంచెలు కొత్త కాదు. దస్తావేజులో సర్వే నంబరు, హద్దులు, సాక్షుల సంతకాలు ఉన్నాయా అని లేఖరి ముందే చూసుకుంటాడు. ఆ సర్వే నంబరు భూమి అమ్మేవాడిదేనా, దాని మీద అప్పు ఉందా అన్నది ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తేగానీ తేలదు. ఎక్స్‌ఎంఎల్ విషయంలోనూ ముందు రాత, తర్వాత రూపం, ఆ తర్వాత నిజం చూడాలి.

మొదటి అంచె పార్సర్‌ది. తెరిచిన ట్యాగు మూసిందా, లోపలి ట్యాగు బయటిదాని కంటే ముందే ముగిసిందా అని అది చూస్తుంది. ఈ విషయంలో 1998 నాటి నిబంధన చాలా కఠినం. వెబ్ పేజీలో ట్యాగు మూయడం మరిచిపోతే బ్రౌజరు ఏదో ఊహించుకుని పేజీని చూపిస్తుంది. ఎక్స్‌ఎంఎల్ పార్సర్ అలా చేయకూడదు. లోపం కనబడిన చోటే ఆగి, చెప్పాలి. ఈ కాఠిన్యం మీద అప్పట్లో గట్టి వాదనలే జరిగాయి. డబ్బు, వైద్యం, గుర్తింపు లాంటి విషయాల్లో ఊహించుకునే యంత్రం కంటే ఆగిపోయే యంత్రమే నమ్మదగింది కాబట్టి, ఆ నిర్ణయం సరైనదనే ఇన్నేళ్ల అనుభవం చెబుతోంది.

రెండో అంచెకు స్కీమా కావాలి. సందేశంలో ఏ ట్యాగులుండాలి, ఏ వరుసలో, దేనిలో ఏం రాయాలి అని రెండు పక్షాలూ ముందుగా రాసుకునే ఒప్పందం స్కీమా. దీన్ని రాయడానికి ఒకటి కాదు, ముఖ్యంగా నాలుగు భాషలున్నాయి. అన్నిటికంటే పాతది డీటీడీ. 'మొత్తం' అనే ట్యాగు ఉండాలని అది చెప్పగలదు గానీ దానిలో అంకెలే ఉండాలని చెప్పలేదు. 2001 మేలో వచ్చిన ఎక్స్‌ఎస్‌డీ ఆ లోటు తీర్చింది: అంకెలా, తేదీయా, ఎన్ని అక్షరాలు, ఏ నమూనా అన్నది అందులో రాయవచ్చు. 'నాలుగు పెద్ద అక్షరాలు, ఒక సున్నా, ఆపై ఆరు అక్షరాలో అంకెలో' అనే ఐఎఫ్‌ఎస్‌సీ నమూనా ఎక్స్‌ఎస్‌డీలో ఒక్క వరుస. అదే ఏడాది జేమ్స్ క్లార్క్, మురాత మకోతో ఇద్దరూ రూపొందించిన రిలాక్స్ ఎన్‌జీ చదవడానికి ఇంకా తేలిక. పుస్తకాలు, పత్రాల రంగంలో దానికి మంచి ఆదరణ ఉంది. అయితే ఐఎస్ఓ 20022 సందేశాలు ఎక్స్‌ఎస్‌డీగానే వెలువడతాయి. బ్యాంకుతో పని ఉన్నవాడికి ఈ విషయంలో ఎంపికే లేదు, అవతలి పక్షం ఏది ఇస్తే అదే.

నాలుగోది స్కీమాట్రాన్. దాని గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి.

మన అలవాటునే తీసుకుందాం. బిల్లు మీద ఐదు వందలు రాసేటప్పుడు '500/-' అని గీత పెడతాం, తర్వాత ఎవరూ అంకె చేర్చకుండా. లక్ష రాసేటప్పుడు '1,00,000' అని కామాలు పెడతాం. గుమాస్తా ఎక్సెల్‌లో అలాగే రాశాడు, అదే ఎక్స్‌ఎంఎల్‌లోకి వెళ్లింది. డీటీడీతో సరిచూస్తే ఏ తప్పూ లేదంటుంది, సందేశం దాటిపోతుంది. ఎక్స్‌ఎస్‌డీ పట్టుకుంటుంది. దాని లెక్కలో దశాంశ సంఖ్యలో కామాకు చోటు లేదు, చివరి '/-' గీతకు అసలే లేదు. జావాలో విరివిగా వాడే జెర్సీస్ అనే పార్సర్ అయితే 'సీవీసీ-డేటాటైప్-వ్యాలిడ్ 1.2.1' అని ఒక నంబరు వేసి, 500/- అన్నది డెసిమల్ రకానికి చెల్లదని ఇంగ్లిష్‌లో చెబుతుంది. ప్రోగ్రామరుకు అది చాలు. ఆ ఫైలు తయారుచేసిన గుమాస్తాకు మాత్రం తలా తోకా అర్థం కాదు. ఆయన ఫోను చేస్తాడు, ఇవతలివారు మెయిల్ పెట్టమంటారు, సాయంత్రం అవుతుంది.

స్కీమాట్రాన్‌ను రిక్ జెలిఫ్ 1999లో తైవాన్‌లోని అకాడమియా సినికాలో ఉండగా తయారుచేశాడు. 2006లో ఐఎస్ఓ ప్రమాణమైంది. ఇందులో ప్రతి నియమం పక్కనా, అది తప్పితే ఏం చెప్పాలో ఆ మాట కూడా నియమం రాసినవారే రాస్తారు. ఏ భాషలోనైనా రాయవచ్చు. 'మొత్తంలో కామాలు, గీతలు పెట్టవద్దు. 100000.00 అని అంకెలు మాత్రమే రాయండి' అని తెలుగులో రాసి పెడితే గుమాస్తా తెర మీద అదే కనిపిస్తుంది. తిరస్కరించే మాట మనిషికి అర్థం కావాలన్న ఆలోచనను ఆ భాష నిర్మాణంలోనే పెట్టారు. ఎక్స్‌ఎస్‌డీకి లేని ఇంకో బలం కూడా దీనికుంది. ఒక ట్యాగును ఇంకో ట్యాగుతో పోల్చి చూడగలదు: చెల్లింపు చెక్కు ద్వారా అయితే చెక్కు నంబరు ఉండాలి, వస్తువుల ధరలన్నీ కలిపితే బిల్లు మొత్తం రావాలి. ఐరోపాలో ప్రభుత్వ సంస్థలకు పంపే ఎలక్ట్రానిక్ ఇన్‌వాయిస్‌లను ఇలాగే సరిచూస్తారు. అక్కడి ఈఎన్ 16931 ప్రమాణంలో బీఆర్-సీఓ-15 అనే నియమం ఉంది. పన్ను లేని మొత్తానికి పన్ను కలిపితే పన్నుతో కూడిన మొత్తం రావాలన్నది దాని సారాంశం. లెక్క కుదరకపోతే ఇన్‌వాయిస్ ఆ నియమం పేరుతోనే వెనక్కి వస్తుంది, పంపినవారు ఎక్కడ సరిచేయాలో వెంటనే తెలుస్తుంది.

2012లో వచ్చిన ఎక్స్‌ఎస్‌డీ 1.1లోనూ ఇలాంటి పోలికలకు వీలు కల్పించారు. కానీ అందరికీ అందుబాటులో ఉన్న లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 అనే పార్సర్, మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లోని వ్యాలిడేటర్ ఇంకా 1.0 దగ్గరే ఉన్నాయి. డబ్బు చెల్లించి తీసుకునే సాక్సన్ కూర్పు లాంటి కొన్ని పనిముట్లు మాత్రమే 1.1ను పాటిస్తాయి. అందువల్ల కొత్త ఒప్పందంలో 1.1 నియమాలు రాసేముందు అవతలి పక్షం దగ్గర ఏ పనిముట్టు ఉందో అడగడం మంచిది. ఒప్పందం ఎంత బాగున్నా, సగం మంది దగ్గర దాన్ని చదివే యంత్రం లేకపోతే ప్రయోజనం లేదు. రూపం కోసం ఎక్స్‌ఎస్‌డీ 1.0, లెక్కల కోసం స్కీమాట్రాన్ అని పని పంచడమే ఇప్పటికి అన్నిటికంటే నమ్మకమైన దారి. స్కీమాట్రాన్ సందేశం మొత్తాన్ని మెమరీలో పరుచుకుని చూస్తుంది కాబట్టి నెమ్మది. ముందు ఎక్స్‌ఎస్‌డీతో చెత్త ఏరేస్తే దాని పని తగ్గుతుంది.

పెద్ద ఫైళ్లలో ఇంకో సంగతి ఉంది. తప్పు ఎక్కడుందో చెప్పడానికి పనిముట్లు వరుస నంబరు ఇస్తాయి. లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 చాలాకాలం ఆ నంబరును 65,535 దాకానే గుర్తుంచుకునేది. ప్రత్యేకంగా ఒక సెట్టింగు పెట్టుకోకపోతే, రెండు లక్షల వరుసల ఫైలులో ఏ చివరనో ఉన్న తప్పుకు కూడా 65,535 అనే చూపేది. ఇంకొన్ని వ్యవస్థలు స్థలం కలిసొస్తుందని సందేశాన్నంతా ఒకే వరుసలో రాసి పంపుతాయి. అప్పుడు ఏ తప్పుకైనా వరుస నంబరు ఒకటే. ఇలాంటిచోట వరుస నంబరు కాకుండా 'ఫలానా చెల్లింపులోని ఫలానా ట్యాగు' అని దారి చూపించే పనిముట్టు కావాలి. కొనేముందు ఎవరూ అడగని ప్రశ్న ఇది. వేలమంది జీతాల ఫైలు చేతిలో పెట్టుకుని తప్పు వెతికే మనిషికి మాత్రం మొదటి ప్రశ్న ఇదే.

తెలుగు పేర్లతో పరీక్షించడం కూడా మరవకూడదు. ఆధార్ ఈ-కేవైసీలో ఇంగ్లిష్ వివరాలతో పాటు స్థానిక భాషలోని వివరాలూ వస్తాయి. 'శ్రీ' మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో నాలుగు: శ, పొల్లు, ర, దీర్ఘం. నిల్వ చేసేటప్పుడు యూటీఎఫ్-8లో పన్నెండు బైట్లు. పేరు 35 అక్షరాలు దాటకూడదని ఎక్స్‌ఎస్‌డీలో రాస్తే అది యూనికోడ్ లెక్కన కొలుస్తుంది. వెనక ఉన్న డేటాబేస్ బైట్లలో కొలిచేదైతే, స్కీమా సరేనన్న పేరును డేటాబేస్ సగంలో కత్తిరిస్తుంది. ఇంగ్లిష్ పేర్లతో ఎన్ని పరీక్షలు చేసినా ఈ లోపం కనబడదు, ఎందుకంటే అక్కడ అక్షరం, యూనికోడ్, బైటు మూడూ ఒకటే లెక్క.

ఇంతవరకూ చెప్పినవి అమాయకమైన తప్పులు. కావాలని పంపే తప్పుడు సందేశాలు వేరు. 'బిలియన్ లాఫ్స్' అని పేరుపడ్డ ఒక చిన్న ఫైలు ఉంది, పరిమాణం ఒక కిలోబైటు కూడా ఉండదు. అందులో మూడక్షరాల ముక్కకు ఒక పొట్టి పేరు పెడతారు. దాన్ని పదిసార్లు పిలిచే ఇంకో పేరు, దాన్ని పదిసార్లు పిలిచే మరో పేరు, ఇలా తొమ్మిది మెట్లు కడతారు. డీటీడీలోని సౌకర్యాన్ని నమ్మి పార్సర్ వాటిని విప్పుతూ పోతే వంద కోట్ల ముక్కలవుతాయి, సుమారు మూడు గిగాబైట్ల మెమరీ నిండిపోతుంది. ఇదే సౌకర్యంతో 'నీ సర్వర్‌లోని ఫలానా ఫైలు తెచ్చి ఇక్కడ అతికించు' అని పార్సర్‌ను ఆదేశించవచ్చు. దాన్ని ఎక్స్ఎక్స్ఈ దాడి అంటారు. ఇలాంటి లోపాన్నే ఫేస్‌బుక్ సర్వర్లలో కనిపెట్టి చెప్పినందుకు బ్రెజిల్‌కు చెందిన ఒక ఇంజినీరుకు ఆ కంపెనీ 33,500 డాలర్ల బహుమతి ఇచ్చింది. 2014 జనవరిలో అది బయటికొచ్చింది, అప్పటిదాకా ఆ కంపెనీ ఇచ్చిన వాటిలో అదే పెద్దది. వెబ్ భద్రతా సంస్థ ఓవాస్ప్ 2017 నాటి పది పెద్ద ముప్పుల జాబితాలో ఎక్స్ఎక్స్ఈది నాలుగో స్థానం. మందు సులువే: బయటినుంచి వచ్చే సందేశాల్లో డీటీడీని అసలు అనుమతించకుండా పార్సర్‌ను అమర్చుకోవాలి. కొన్ని పనిముట్లలో ఈ అమరిక మొదటే ఉంటుంది, కొన్నింటిలో మనం పెట్టుకోవాలి. ఏది ఎలాంటిదో తెలుసుకోకుండా బ్యాంకు ద్వారం దగ్గర నిలబెట్టడం క్షమించరాని అజాగ్రత్త.

సంతకాల విషయం ఇంకా సున్నితం. ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ తీసుకున్నవారికి ఒక జిప్ ఫైలు, తాము పెట్టుకున్న నాలుగక్షరాల షేర్ కోడ్ గుర్తుండే ఉంటాయి. జిప్ విప్పితే లోపల ఉండేది డిజిటల్ సంతకం ఉన్న ఎక్స్‌ఎంఎల్. చదవడానికి బాగుంటుందని దాన్ని ఎడిటర్‌లో తెరిచి వరుసలు సర్ది సేవ్ చేస్తే చాలు, చేరిన ఖాళీల వల్ల సంతకం చెల్లకుండా పోతుంది. ఒక్క అక్షరం మారినా పట్టుకోవాలి కాబట్టి అలా ఉండటమే న్యాయం. కానీ సంతకం చూసే పనిముట్టు, సమాచారం చదివే పనిముట్టు ఒకే సందేశాన్ని రెండు రకాలుగా చదివితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో డ్యువో అనే భద్రతా సంస్థ చూపించింది. ఒకే లాగిన్‌తో పలు వెబ్‌సైట్లలోకి ప్రవేశం ఇచ్చే శామ్‌ల్ సందేశాల్లో, వాడుకరి పేరు మధ్యలో ఒక వ్యాఖ్యను దూర్చారు. సంతకం లెక్కలో వ్యాఖ్యలను వదిలేస్తారు, అందువల్ల సంతకం చెల్లింది. పేరు చదివే లైబ్రరీ మాత్రం వ్యాఖ్య దగ్గర ఆగి, ముందున్న సగాన్నే పేరుగా తీసుకుంది. అలా ఒకరి లాగిన్‌తో మరొకరి ఖాతాలోకి వెళ్లే వీలు ఏర్పడింది. పైథాన్, రూబీ భాషల్లోని లైబ్రరీలు సహా చాలా పనిముట్లను అప్పుడు సరిచేయాల్సి వచ్చింది. కాబట్టి సంతకం చూసే పనిముట్టు ఏ భాగాన్ని సరేనన్నదో, ఆ భాగాన్నే తర్వాతి పనిముట్టు చదవాలి.

సందేశాన్ని మోసుకెళ్లే పనిముట్ల గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. హెచ్‌టీటీపీ, సోప్, ఐబీఎం ఎంక్యూ లాంటి క్యూలు, రాత్రిపూట ఫైళ్లు దించే ఎస్‌ఎఫ్‌టీపీ, మధ్యలో మార్పులు చేసి పంపే అపాచీ కామెల్, ఏదైనా సరే నడిచేదే. చూడాల్సింది జవాబు రానప్పుడు అది ఏం చేస్తుందన్నది. 'కాదు' అన్న జవాబు నయం, ఏ జవాబూ రాకపోవడమే కష్టం. యూపీఐలో రెక్‌పే వెళ్లగానే 'అందింది' అని ఒక చిన్న రసీదు వస్తుంది, అసలు ఫలితం విడిగా రెస్ప్‌పేలో వస్తుంది. ఫలితం రాకపోతే డబ్బు మళ్లీ పంపకూడదు, రెక్‌చెక్‌టీఎక్స్‌ఎన్ అనే సందేశంతో 'ఆ లావాదేవీ ఏమైంది?' అని అడగాలి. అలా అడగడానికి వీలుగానే ప్రతి లావాదేవీకీ 35 అక్షరాల ప్రత్యేక గుర్తింపు ఉంటుంది. ఫోనులో 'పెండింగ్' అని చూసి మనం కంగారుపడే ఆ కాసేపటిలో వెనక జరిగేది ఇదే. జవాబు రాలేదని అదే సందేశాన్ని కొత్త గుర్తింపుతో మళ్లీ పంపే పనిముట్టును డబ్బు దరిదాపులకు రానివ్వకూడదు.

ఎక్స్‌ఎంఎల్ అసలు అవసరమా అన్న ప్రశ్నా ఉంది. ఆదాయపు పన్ను శాఖ రిటర్నులను ఎక్స్‌ఎంఎల్ నుంచి జేసన్ అనే మరో రూపానికి 2021-22 మదింపు సంవత్సరంతో మార్చింది, జీఎస్‌టీ రిటర్నులు కూడా జేసన్‌లోనే వెళ్తాయి. రెండు కొత్త వ్యవస్థలు తమలో తాము మాట్లాడుకోవడానికైతే జేసన్ తేలికే. అవతల బ్యాంకో, ఆధారో, ఐరోపా ప్రభుత్వమో ఉంటే మాత్రం వాళ్ల భాషలో మాట్లాడాల్సిందే.

పనిముట్టు వెనక ఎవరున్నారన్నది ధర కంటే ముఖ్యమైన ప్రశ్న. పైన చెప్పిన లిబ్‌ఎక్స్‌ఎంఎల్2ను డేనియల్ వేయార్ మొదలుపెట్టాడు. ఆపిల్ ఫోన్లలో, క్రోమ్ బ్రౌజరులో, పీహెచ్‌పీలో, పైథాన్ లైబ్రరీల్లో అదే ఉంది. ప్రపంచంలో ఎన్ని కోట్ల యంత్రాల్లో ఉందో లెక్క కట్టడమే కష్టం. 2025లో దాన్ని నిర్వహిస్తున్న వ్యక్తి ఒక ప్రకటన చేశారు: జీతం లేకుండా స్వచ్ఛందంగా చేస్తున్న తాను, భద్రతా లోపాలను రహస్యంగా ఉంచి గడువులోగా సరిచేసే భారం ఇక మోయలేనని, వాటిని మామూలు లోపాల్లాగే చూస్తానని. పెద్ద పెద్ద కంపెనీలు ఉచితంగా వాడుకుంటూ, సహాయం మాత్రం చేయని పరిస్థితి అప్పుడు అందరి కళ్లకూ కనబడింది. ఉచితమైన పనిముట్టును వాడటంలో తప్పేమీ లేదు. దాని మీద ఆధారపడ్డ సంస్థ, దాన్ని కాపాడేవారికి అండగా ఉండాలి, లేదా వాళ్లు తప్పుకుంటే తానేం చేయాలో ముందే తేల్చుకోవాలి.

మరి ఎలా ఎంచుకోవాలి? తప్పు సందేశాల ఫోల్డరు ఒకటి తయారుచేసుకోవడంతో మొదలుపెట్టాలి. మూయని ట్యాగు, ఐఎఫ్‌ఎస్‌సీలో సున్నా బదులు 'ఓ', కామాలున్న లక్ష, కుదరని కూడిక, కరెన్సీ రాయని మొత్తం, పొడవాటి తెలుగు పేరు, బిలియన్ లాఫ్స్ ఫైలు, సంతకం చెదిరిన సందేశం, మూతబడ్డ బ్యాంకు కోడ్, ఒకే గుర్తింపుతో రెండుసార్లు వచ్చిన చెల్లింపు. ప్రతి పనిముట్టుకూ ఇవన్నీ ఇచ్చి, అది చెప్పిన జవాబులను కాగితం మీద అచ్చు వేయాలి. ఆ కాగితాన్ని ప్రోగ్రామరుకు కాకుండా అకౌంట్స్ విభాగంలో పనిచేసే మనిషికి ఇవ్వాలి. ఎవరినీ అడగకుండా ఎన్ని తప్పులు సరిచేయగలిగితే ఆ పనిముట్టుకు అన్ని మార్కులు. మూతబడ్డ బ్యాంకు కోడ్‌ను ఏ స్కీమా కూడా సొంతంగా పట్టుకోలేదు. దానికి రిజర్వు బ్యాంకు ప్రచురించే శాఖల జాబితాను తెచ్చుకుని, ఎప్పటికప్పుడు మార్చుకుంటూ, దానితో పోల్చి చూడాలి. ఆ పని ఎవరు చేస్తారో కూడా ఒప్పందంలోనే రాసుకోవాలి.

ఐఎస్ఓ 20022లో తిరస్కరించడానికి కూడా ప్రామాణికమైన కోడ్‌లున్నాయి. ఏసీ01 అంటే ఖాతా నంబరు తప్పు, ఏసీ04 అంటే ఖాతా మూసేశారు, ఏఎం04 అంటే ఖాతాలో సొమ్ము చాలదు. కొన్ని బ్యాంకుల సాఫ్ట్‌వేర్లు ఇన్ని వివరాలు చేతికందినా ఖాతాదారుకు 'సాంకేతిక కారణాల వల్ల విఫలమైంది' అని మాత్రమే చూపిస్తాయి. వెనక స్పష్టంగా వచ్చిన కారణాన్ని దాచి మనిషిని చీకట్లో ఉంచడం అన్యాయం. పనిముట్టు కొనేటప్పుడే ఆ కోడ్‌లన్నిటికీ తెలుగు వాక్యాలు రాసి పెట్టుకోవడం ఒక పూట పని.

విదేశాల్లో ఉన్న తెలుగువారికి త్వరలో ఇంకో మార్పు తగులుతుంది. దేశాల మధ్య చెల్లింపుల సందేశాలను స్విఫ్ట్ 2023 మార్చిలో ఐఎస్ఓ 20022 వైపు మళ్లించడం మొదలుపెట్టింది, పాత పద్ధతిని కొత్తదానితో పాటు నడిపిన గడువు 2025 నవంబరుతో ముగిసింది. తర్వాతి గడువు 2026 నవంబరు. అప్పటినుంచి చిరునామాను ముద్దగా ఒకేచోట రాసి పంపడం కుదరదు, కనీసం ఊరి పేరు, దేశం వేర్వేరు ట్యాగుల్లో ఉండాలి. 'రామాలయం వెనుక వీధి, పాత బస్టాండు దగ్గర, తెనాలి' అని మనం రాసే చిరునామాలో ఏది వీధి, ఏది ఊరు అని ఏ స్కీమా అయినా తనంతట తాను తేల్చలేదు. ఆ పని ఫారం నింపే తెర దగ్గరే జరగాలి. డబ్బు పంపే సేవలు నడిపేవాళ్లు తమ తప్పు సందేశాల ఫోల్డరులో ఇలాంటి చిరునామాలను ఇప్పుడే ఓ పాతిక చేర్చి, తమ వ్యవస్థ వాటికి ఏం జవాబు చెబుతోందో చదివి చూసుకోవడం మంచిది.